నల్లగుట్ట ఊదారాయి

ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి రాళ్ళు తవ్వడానికి పోయే మనిషి మా జమ్మలమడుగు సంఘంలో మా నాయిన ఒక్కడే. పోనీ, ఆ తవ్వకాల్లో ఏదైనా దొరికి ఉంటే పాస్టరుగారి ముందు నిలబడటానికి నాకొక ముఖం ఉండేది. ఇన్నేళ్ళలో ఆయనకు తెల్లరాళ్ళు దొరికాయి, నల్లరాళ్ళు దొరికాయి, ఒకసారి తేలు దొరికింది. తేలు కూడా ఆయనకు దొరకలేదు, ఆయనే దానికి దొరికాడు.

ఆయన పేరు దాసయ్య. రిటైరైన సైన్సు టీచరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో పులివెందుల అవతల నల్లగుట్ట కింద ఒక పల్లెకు వేశారు. ఒకనాడు వాన వెలిశాక గుట్ట ఎక్కితే ఊదారంగు స్ఫటికాల గుత్తి ఒకటి కనిపించిందట. అమెథిస్ట్ అంటారే, అది. తెచ్చి బడిలో బల్లమీద పెట్టాడట. తనిఖీకి వచ్చిన అధికారి ఎవరో "చూసి పంపిస్తా మాస్టారూ" అని జేబులో వేసుకుపోయాడట. ఆ మహానుభావుడు ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఈ 'అట'లన్నీ నేను తగిలించినవి. నాయిన చెప్పేటప్పుడు ఒక్కటి కూడా ఉండదు.

అప్పటినుంచి ఆయన ఊదారాయి సారు. కూరగాయల అంగట్లో ఊదారాయి సారు, పెన్షను ఆఫీసులో ఊదారాయి సారు. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు సైతం నా చదువు సంగతి తర్వాత అడిగారు, ముందు రాయి సంగతి అడిగి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆ కథ విన్నప్పుడల్లా నమ్మినట్టు తల ఊపేది. నేను తల ఊపే రకం కాదు. ఊరికే ఉండేదాన్ని. ఊరికే ఉండటం నమ్మడం కాదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆయనలాంటి వాళ్ళకని ప్రొద్దుటూరులో పెన్నాతీర శిలాన్వేషణ మిత్రమండలి అని ఒకటుంది. ఆ పేరు పూర్తిగా పలికేసరికి గొంతు ఆరిపోతుంది. ఊరూరా గుట్టలు తిరిగి రాళ్ళు ఏరుకోవడం వాళ్ళ పని. అధ్యక్షుడు శివప్రసాద్‌కు బంగారు అంగడి ఉంది. రోజంతా మెరిసేవాటి మధ్య కూర్చుని, సెలవునాడు మట్టిలో పొర్లకపోతే ఆయనకు అన్నం సయించదు. నయీం మోటార్లు బాగుచేస్తాడు, జీపు అతనిదే, ఒకప్పుడు నాయిన దగ్గర చదివినవాడు. గీతాంజలి పులివెందులలో కాలేజీ లెక్చరర్. రాయి కనబడితే ముందు వీడియో తీస్తుంది, తర్వాత రాయిని చూస్తుంది. ముగ్గురూ మంచివాళ్ళే. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబుద్ధి కాదు.

మొన్న చలికాలంలో పిడుగులాంటి కబురు వచ్చింది. నల్లగుట్టను ఏదో సోలార్ కంపెనీ తీసుకుంది. కంచె వేసేస్తారు, చదును చేసి పలకలు పరుస్తారు. శివప్రసాద్ ఎవరెవరినో పట్టుకుని ఒక్క ఆదివారం పొద్దుగూకేదాకా తవ్వుకోవడానికి పర్మిషన్ తెచ్చాడు. సోమవారం నుంచి గుట్ట కంపెనీది.

ఆ సంగతి విన్న రాత్రి నాయిన అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. "ఇదే ఆఖరు విమలా. ఇప్పుడు గూడా దొరక్కపోతే నేను అబద్ధాలకోరుగానే సచ్చిపోతా" అన్నాడు.

ఆయన ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన పడుకున్నాక ఫోన్ తీసి ఒక ఊదారాయి ఆర్డరు పెట్టాను. బ్రెజిల్ సరుకు. నల్లగుట్ట రాయి ముప్పై నలభై ఏళ్ళుగా రాకపోయినా బ్రెజిల్ రాయి వారం తిరక్కుండా మా వాకిట్లోకి వచ్చింది. దాన్ని గుడ్డలో చుట్టి క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టుకున్నాను. ఆయన తవ్వే గుంతలో ఎవరూ చూడకుండా జారవిడవాలి, ఆయనకు దొరకాలి, ఆయన ప్రాణం కుదుటపడాలి. అంతే నా పథకం. ఒక మనిషి బతుకంతా చెప్పిన నిజాన్ని నిజం చేయడానికి నేను అబద్ధం కొన్నానని ఆ పూట నాకు తోచలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున్నే నయీం జీపు మా ఇంటిముందు ఆగింది. శివప్రసాద్ ముందు సీట్లో హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాడు. భద్రత ముఖ్యమని మండలి నియమం. హెల్మెట్ ఒక్కటే ఉంది, అది అధ్యక్షుడిది. వెనక గడ్డపారలు, సుత్తులు, వాటిపక్కన పేపర్లో చుట్టిన పొడుగాటి చుట్ట ఒకటి.

"అదేంది మామా?" అన్నాను.

"ఎండకు కట్టుకునే పట్టాలేమ్మా" అన్నాడు శివప్రసాద్, నా మొహం చూడకుండా.

ముద్దనూరులో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. పులివెందులలో గీతాంజలి ఎక్కింది. నాయిన దోవపొడుగునా జేబులో ఉన్న పళ్ళు తోమే బ్రష్షును మాటిమాటికీ తడిమి చూసుకున్నాడు. దొరికిన రాయికి మట్టి వదలగొట్టడానికి ఆ బ్రష్షు. మా ఇంట్లో అది కొని ఎన్నేళ్ళయిందో, ఇంకా కొత్తదే.

గుట్ట దగ్గర కంచె స్తంభాలు అప్పటికే పాతేశారు. తీగ లాగడమే తరువాయి. ఒక పక్క జేసీబీలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. మేము గడ్డపారలు దించుతుంటే గొర్రెలు తోలుకుంటూ ఒకామె వచ్చింది. బాలనాగమ్మ అని ఆ కింది పల్లె మనిషి. మమ్మల్ని కిందినుంచి మీదిదాకా చూసింది.

"రాళ్ళకోసం రాళ్ళల్లోకి వచ్చినారా?" అంది. "తవ్వుకుంటే తవ్వుకోండి గాని పోయేటప్పుడు గుంతలు పూడ్చిపోండి. నా జీవాల కాళ్ళు ఇరిగితే ఆ రాళ్ళు మీ నెత్తినే ఏస్తా."

ఆ రోజు గుట్టమీద వినిపించిన మాటల్లో బుద్ధిగల మాట అదొక్కటే. శివప్రసాద్ దానికి జవాబుగా ఉపన్యాసం ఇచ్చాడు. ఎవరి గుంత వారిది, ఎవరి గుంతలో దొరికింది వారిది, పక్కవారి గుంతలో చెయ్యి పెట్టరాదు అని నియమాలు చదివాడు. చదివిన అరగంటకు తనే మా నాయిన గుంత దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"సార్, ఎండగా ఉండాది. మీరు నీడలో కూచోండి, నేను తవ్వుతా."

"నా గుంత నాదప్పా" అన్నాడు నాయిన.

శివప్రసాద్ పోయాడో లేదో నయీం వచ్చాడు. "సార్, జీపు కాడ చల్లటి నీళ్ళు ఉండాయి, తాగేసి రాండి. నేను ఈడ ఉంటా."

"సీసా ఈడే ఉండాది లేరా నయీం."

తర్వాత గీతాంజలి. పైకి వస్తే గుట్ట మొత్తం కనబడేలా మంచి వీడియో తీస్తానంది. నాయిన రానన్నాడు. ఆమె గుంత అంచున కూర్చుని మట్టిని చేత్తో అటూ ఇటూ జరుపుతూ కాసేపు కాలక్షేపం చేసింది. నేను బీపీ మాత్ర నెపంతో పోయాను. ఆయన గుంతలోనే నిలబడి మాత్ర మింగి గ్లాసు చేతికిచ్చాడు. మళ్ళీ క్యారియర్ పట్టుకుని పోయాను. అక్కడ నయీం తల గోక్కుంటూ నిలబడి ఉన్నాడు. ఇంకోసారి పోతే శివప్రసాద్ హెల్మెట్ తుడుచుకుంటున్నాడు. ఎన్నడూ లేనిది వీళ్ళకు మా నాయినమీద ఈ ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో నాకు అంతుబట్టలేదు. ఒళ్ళు మండిపోయింది. నా పని నన్ను చేసుకోనివ్వరు, వాళ్ళ గుంతలు వాళ్ళు తవ్వుకోరు.

మధ్యాహ్నం సంగటి తిన్నాక కూడా ఆయన నడుం వాల్చలేదు. పొద్దు పడమటికి తిరిగింది. గడ్డపార దెబ్బకు ఒకచోట డొల్ల చప్పుడు వచ్చింది. నాయిన గడ్డపార పక్కన పెట్టి మోకాళ్ళమీద కూర్చుని చేతులతో తవ్వాడు. కొబ్బరిచిప్ప అంత ముద్ద ఒకటి పైకి తీశాడు. బయటంతా ఎర్రమట్టి. లోపల బోలు, బోలు చుట్టూ స్ఫటికాల మొనలు. మట్టి సందుల్లో పలచటి ఊదారంగు, బాగా వెలిసిపోయిన చీర రంగు.

ఆయన బ్రష్షుకోసం జేబులో చెయ్యి పెట్టాడు.

నాది క్యారియర్లోనే ఉంది, మరి ఇదేమిటి అని నేను అనుకునేలోపే ముగ్గురూ వచ్చి మీద పడ్డారు. "సార్, చెప్పినారు గదా, చెప్పినట్టే దొరికింది" అని నయీం ఆయన చేతులు పట్టుకున్నాడు. గీతాంజలి ఫోన్ తీసింది. రాయిని ఎవరూ సరిగ్గా చూడనేలేదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. అప్పుడు నాకు వెలిగింది. వీళ్ళలో ఎవరో నాకంటే ముందు పని కానిచ్చేశారు. పోనీలే, ఎవరు చేస్తేనేం అని ఊపిరి పీల్చుకున్నాను. బ్రెజిల్ రాయి వృథా అయినందుకు కొంచెం బాధ కూడా పడ్డాను.

ఈలోగా శివప్రసాద్ జీపు దగ్గరకు పరుగెత్తి, ఎండకు పట్టా అన్న చుట్టను తెచ్చి విప్పాడు. ఫ్లెక్సీ. మా ప్రొద్దుటూరు వైపు ఫ్లెక్సీ లేకుండా పిల్లల చెవులు కూడా కుట్టరు, ఆ సంగతి నేను మరిచిపోయాను. 'నల్లగుట్టలో ఊదారాయి కనుగొన్న శుభసందర్భంగా శ్రీ దాసయ్య మాస్టారు గారికి హార్దిక అభినందనలు.' ఒక మూల నాయిన ఫోటో, నడిమధ్య దానికి రెండింతలు శివప్రసాద్ ఫోటో, కింద ఆ రోజు తేదీ. ఇంకో చేతిలో శాలువా, పూలదండ. దండ నిన్నటిదేమో వాడిపోయింది.

నాయిన ఆ ఫ్లెక్సీని మొదటినుంచి చివరిదాకా చదివాడు. పరీక్ష పేపరు దిద్దే మనిషి కదా, నిదానంగా చదివాడు. బ్రష్షు జేబులోనే ఉండిపోయింది.

"ఇది ఎప్పుడు అచ్చేయించినావు శివప్రసాదూ?"

"శుక్రవారమే సార్" అన్నాడు అధ్యక్షుడు గర్వంగా. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"రాయి దొరికింది ఈ పొద్దు గదా."

నాయిన శివప్రసాద్‌ను చూశాడు, నయీంను చూశాడు, గీతాంజలిని చూశాడు. ఆమె ఫోన్ దించేసింది. చివరికి నన్ను చూశాడు. నేను చేతిలో ఉన్న క్యారియర్ వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"మీరు నమ్మకపోతే పర్వాల్యా" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా మాట ఎవురూ నమ్మల్యా, దాంతోనే బతికినా. గాని నన్ను అబద్ధంలో నిలబెట్టి దండ ఎందుకు ఏస్తారప్పా? నేను ఏనాడన్నా మీకు అబద్ధం చెప్పినానా?"

రాయిని గుంతలోకి జారవిడిచాడు. పార తీసుకుని తనే మట్టి లాగాడు. "పూడ్చండి. ఆయమ్మ జీవాలు తిరిగే చోటు" అన్నాడు.

మేము పూడ్చాం. నలుగురు చదువుకున్నవాళ్ళం వంచిన తల ఎత్తకుండా ఒక్కో గుంతా పూడ్చి, పైన రాళ్ళు పరిచాం. వద్దని ఒక్కరూ అనలేదు. కొన్న రాయే కదా, పోతే పోయిందని నలుగురం అనుకున్నాం. బాలనాగమ్మ వచ్చి తనిఖీ చేసి, ఆ ఫ్లెక్సీ మీకు పనికిరాకపోతే నాకియ్యండి, గొర్రెపిల్లలకు చలికి కప్పుతా అని అడిగి తీసుకుపోయింది.

పులివెందుల రాకముందే రోడ్డుపక్క టీ అంగడి దగ్గర జీపు ఆగింది. నాయిన దిగలేదు. మేము బల్ల చుట్టూ కూర్చున్నామో లేదో నయీం అందుకున్నాడు.

"మామా, రాయి పెడితే పెట్టినావు. ముందే ఫ్లెక్సీ తెచ్చి చూపిస్తారా ఎవరన్నా?"

"నేను యాడ పెట్టినా?" అన్నాడు శివప్రసాద్. "పెట్టేదానికి మీరు సందిస్తే గదా. నువ్వు పెట్టినావనుకుని ఫ్లెక్సీ తీసినా."

"నేను పెట్టల్యా. గీతాంజలి మేడమ్ పెట్టిందనుకుంటి."

గీతాంజలి మొహం పాలిపోయింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక రాయి తీసి బల్లమీద పెట్టింది. కాలేజీ ల్యాబులోది, దానిమీద తెల్లరంగుతో నంబరు వేసి ఉంది. శివప్రసాద్ చొక్కాజేబులోంచి తీశాడు. సానబట్టి, లాకెట్టుకు పనికొచ్చేలా బెజ్జం కూడా పెట్టిన రాయి. మట్టిలోంచి బెజ్జంతో సహా దొరుకుతుందని ఆయన ఉద్దేశం కాబోలు. నయీం దగ్గర గండికోటలో బొమ్మల అంగట్లో కొన్నది ఉంది. మూడూ టీగ్లాసుల మధ్య తళతళలాడుతున్నాయి. ఎర్రమట్టి పట్టిన రాయి మాత్రం ఆ బల్లమీద లేదు.

ఎవరూ ఏమీ పెట్టలేదు. ఒకరికొకరు అడ్డం పడి ఎవరికీ పెట్టే వీలు చిక్కలేదు. ఆయన తీసింది నల్లగుట్ట రాయి. ఆయన ముందునుంచీ చెబుతున్న రాయి.

నేను ఆ మూడు రాళ్ళూ దోసిట్లోకి తీసుకుని జీపు దగ్గరకు పరుగెత్తాను.

"నాయినా, చూడు. వీళ్ళవి వీళ్ళ కాడనే ఉండాయి. గుంతలో ఎవురూ ఏమీ పెట్టల్యా. నీకు దొరికింది నిజమైందే."

ఆయన రాళ్ళను చూశాడు. నన్ను చూశాడు. "ఇది ఇంగో నాటకమా? ముగ్గురివి చూపిస్తాండావు. పోయింది నలుగురు గదా. నాలుగోది నువ్వు పెట్టింటావు."

అంతే. ఆయనకు నిజం చెప్పాలంటే ఇక ఒకే ఒక్క దారి ఉంది. నేను సీటుమీద క్యారియర్ పెట్టి అడుగు గిన్నె విప్పాను. గుడ్డ తీశాను. రాయికి అంటించిన ధర చీటీ కూడా నేను పీకలేదు, అంత తొందరలో ఆయన్ను మోసం చేయబోయాను. రాయిని ఆయన చేతిలో పెట్టాను.

నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చీటీ చదివాడు.

"నువ్వు గూడా నమ్మల్యా" అన్నాడు.

"నమ్మల్యా నాయినా" అన్నాను. ఏడుపు ఆగలేదు. తరగతిలో నలభైమందిని కంటిచూపుతో కూర్చోబెట్టే టీచరమ్మను, రోడ్డుమీద చిన్నపిల్లలా ఏడ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన రాయిని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. తర్వాత, నాతో కాదు, తనతో తాను అన్నట్టు, "అయితే అది దొరికిందే" అన్నాడు. "నిజంగా దొరికిందే." ఆ మొహం నేను మా అమ్మ ఉన్నప్పుడు కూడా చూడలేదు.

జీపు వెనక్కి తిప్పాం. మేము చేరేసరికి పొద్దుగూకింది. దోవకు అడ్డంగా గొలుసు, గొలుసు వెనక వాచ్‌మన్. పర్మిషన్ అయిపోయిందన్నాడు. శివప్రసాద్ పెద్దపెద్దవాళ్ళకు ఫోన్లు చేశాడు. ఆదివారం సాయంత్రం పెద్దవాళ్ళెవరూ ఫోన్ ఎత్తరని ఆయనకు ఆ రోజే తెలిసింది. నాయిన మాత్రం గొలుసు పట్టుకుని గుట్టవైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆడ ఉండాది. సాలు" అని వచ్చి జీపులో కూర్చున్నాడు.

మర్నాడు నేను బడికి సెలవు పెట్టి పోయాను. ఎంత బతిమాలినా లోపలికి రానివ్వలేదు. అప్పటికే జేసీబీలు మా గుంతలున్న వైపంతా చదును చేసేశాయి. ఇప్పుడు అక్కడ పలకలు పరిచారు. కింద ఊదారాయి, పైన సోలారు. కింది పల్లెలో గొర్రెపిల్లలు మాత్రం మా నాయిన ఫోటో కప్పుకుని వెచ్చగా పడుకుంటున్నాయి.

బ్రెజిల్ రాయి మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. నేను పారేస్తానంటే నాయిన ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళందరి కళ్ళూ దానిమీదే పడతాయి. "ఏం సార్, మొత్తానికి దొరికిందా?" అని అడుగుతారు.

"ఇది మా విమల దుడ్లు పెట్టి కొన్నది. నాకు దొరికింది నల్లగుట్టలోనే ఉండాది" అంటాడు ఆయన, నా ఎదుటే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఇదే దొరికిందంటే ఏం పోతుంది నాయినా? ఎట్లాగూ నీకు దొరికింది నిజమే గదా."

"అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు గదమ్మా" అన్నాడు.

ఆయన అలా చెప్పగానే వచ్చినవాళ్ళు నవ్వాపుకుంటూ నావైపు తిరుగుతారు. "నిజమే, నేను చూసినా. నా కండ్లతో చూసినా, కొబ్బరిచిప్పంత ఉండాది" అంటాను. గుంత ఎక్కడ, మట్టి ఏ రంగు, అన్నీ చెబుతాను. వాళ్ళు మర్యాదగా వింటారు. మా అమ్మ ఊపినట్టే తల ఊపి, కాఫీ తాగి పోతారు.